ఉండు మేస్త్రీ, ఒక్క నిమిషం

మా వైపు ఫోను చెయ్యడం తేలికే, పెట్టెయ్యడమే పెద్ద పని. "సరే అయితే" అని ఒకరంటారు, "ఆఁ మరి" అని ఇంకొకరంటారు, ఈలోగా వాన సంగతో వదినగారి మోకాలి సంగతో గుర్తొస్తుంది, మళ్ళీ మొదలు. పెద్దవాళ్ళ ఫోను చిన్నవాళ్ళు ముందుగా పెట్టెయ్యరు. ఆసాముల ఫోను పనివాళ్ళు అసలే పెట్టెయ్యరు. మా తోట మేస్త్రి చేతికి ఫోను వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకంటే ముందు ఎర్ర మీట నొక్కలేదు. "పెట్టేస్తున్నా మేస్త్రీ" అని నేను అనాలి, అన్నాక కూడా నేనే నొక్కాలి. ఒకోసారి మర్చిపోయి ఫోను వంటింటి గట్టు మీద పెట్టేస్తే, పావుగంట తర్వాత కూడా అందులోంచి మోటారు చప్పుడు వినిపిస్తూ ఉండేది.

నూజివీడులో ఉన్నంతకాలం ఈ మర్యాద వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. మలేషియా వెళ్ళినప్పుడు వచ్చింది చిక్కంతా.

మూడేళ్ళ కిందటి జూన్ నెల. కోతలు అయిపోయాయి. మామిడి తీసేసి పామాయిల్ వేద్దామనుకుంటున్న రైతుల్ని ఒక నర్సరీ వాళ్ళు పోగుచేసి, ఆ దేశంలో తోటలు చూపిస్తామని తీసుకెళ్ళారు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ తోట నేనే చేసుకుంటున్నాను కాబట్టి నా పేరు రైతుల్లోనే రాశారు. మా ఆడపడుచు మాత్రం "నాకు తోటా లేదు, గీటా లేదు, విమానం ఎక్కాలని ఉంది వదినా" అని బయల్దేరింది. అంత నిజాయితీగా చెప్పిన మనిషి ఆ గుంపులో ఇంకొకరు లేరు.

ఎయిర్‌పోర్టులో దిగగానే నేను సిమ్ము కొంటానంటే అందరూ నవ్వారు. హోటల్లో వైఫై ఉంటుంది గదండీ, దండగ అన్నారు. నాకు ఇంటి దగ్గర తోట ఉంది, గేదెలున్నాయి, నన్ను నమ్ముకున్న మనుషులున్నారు, నాకు దండగేం కాదు అన్నాను. తలకి గుడ్డ చుట్టుకున్న ఒక పిల్ల కౌంటర్లో కూర్చుని, పాస్‌పోర్టు ఫోటో తీసుకుని, మా ఊరి సిమ్మును సన్నటి సూదితో బయటికి లాగి, చిటికెడంత కవర్లో వేసి నా చేతికిచ్చింది. దాన్ని పసుపుతాడుకి గుచ్చుకునే పిన్నీసుకి గుచ్చుకుని తిరిగేదాన్నే, ఆ తాడు ఇప్పుడు లేదు కాబట్టి పర్సులో పెట్టుకున్నాను. ఈ సిమ్ములో వారానికి డేటా ఉంది, మామూలు కాల్స్ లేవు, అయిపోతే ఏ షాపులోనైనా టాపప్ చేయించుకోండి అని ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. టాపప్ అన్న మాట ఒక్కటే నాకు అందింది. అందులోనూ పైకి చేసేదో కిందికి చేసేదో తెలియలేదు.

బస్సెక్కిన పది నిమిషాలకి, దండగ అన్న మహానుభావులందరూ నా సీటు చుట్టూ చేరారు. "అక్కా, కాస్త హాట్‌స్పాట్ పెట్టండక్కా, దిగామని ఇంట్లో చెప్పి ఆపేస్తాం." దిగామని ఒకాయన చెప్పాడు. వాళ్ళావిడ బస్సు చూపించమంది. బస్సు చూపించాక రోడ్డు చూపించమంది. మా ఆడపడుచు అయితే పెద్ద భవనం కనిపించినప్పుడల్లా కూతురికి వీడియో చేసేది. నేను విదేశంలో చలివేంద్రం పెట్టినట్టయింది. ఇవ్వనని చెప్పే నోరు నాకుంది, కానీ పక్క సీట్లో కూర్చుని అడిగిన మనిషికి మంచినీళ్ళు లేవని ఎలా చెబుతాం?

ఇక్కడ తోట సంగతి చెప్పాలి. పన్నెండెకరాలు. బంగినపల్లి, చిన్నరసం, కొంచెం కలెక్టరు కాయ. అన్నీ మా మామగారు అంటు మొక్కలు తెచ్చి వేసినవి. నాలుగేళ్ళుగా పూతంతా నల్ల తామర పురుగు పాలయింది. ఎన్ని మందులు కొట్టినా పూత మాడిపోయి రాలేది. కాసిన నాలుగు కాయలు కోసే మనుషులు దొరికేవారు కాదు. అందరూ తీయించేస్తున్నారు, నేనూ తీయించేస్తానన్నాను. కట్టెల కాంట్రాక్టరుకి తోట మొత్తం మాట్లాడేశాను. మేం మలేషియా నుంచి వచ్చిన మర్నాడు పొక్లెయిన్ తెస్తానన్నాడు.

ఆ మాట విన్న రోజు మేస్త్రి మోటారు షెడ్డు దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి అడిగాడు, ఒకటీ అరా ఉంచుకోరా అమ్మా అని. నాకు కోపం వచ్చింది. నేనేదో సరదాకి తీయిస్తున్నట్టు అడుగుతాడేంటి ఈయన అనిపించింది. "ఒక్కటి కూడా వద్దు. చూసి ఏడవడానికా?" అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

అన్నాను గానీ, ఆ సాయంత్రం నుంచీ నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే మోటారు షెడ్డు పక్కన ఉన్న చెట్టు మా మామగారు వేసింది కాదు. అది నాది.

నాది ఉంగుటూరు. అంతా వరి. మా పుట్టింటి దొడ్లో ఒకే ఒక్క మామిడి చెట్టు ఉండేది, దాని కాయ పుల్లన, పీచు. పండితే బుగ్గ మీద మాత్రం ఎరుపు తిరిగేది. అమ్మ ఆ కాయతోనే ఆవకాయ పెట్టేది. పెళ్ళయి నూజివీడు వచ్చిన కొత్తలో, ఇంత తోటలోకి వచ్చినా నాకు ఆ పుల్లకాయ మీదే యావ ఉండేది. మొదటి వేసవికి పుట్టింటికి వెళ్ళి తిరిగొస్తూ, దారిలో తినమని అమ్మ ఇచ్చిన పండు తిని, టెంక కొంగుకి కట్టుకుని తెచ్చి షెడ్డు పక్కన పాతాను. మా అత్తగారు చూసి, తోట నిండా అంటు మొక్కలు ఉండగా టెంక పాతే కోడలు నాకే దొరికింది అని ఊరంతా చెప్పింది. చెప్పుకోనీ అన్నాను.

అప్పుడు మేస్త్రి ఇంకా మేస్త్రి కాదు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, తోటకి నీళ్ళు కట్టేవాడు. నేనేమీ చెప్పలేదు. అతనే మోటారు వెయ్యగానే కాలవని కాలితో అటు తిప్పి, మొదటి నీళ్ళు ఆ మొక్కకి పెట్టి, తర్వాత మిగతా తోటకి వదిలేవాడు. తొమ్మిదో ఏడు కాసింది. మొదటి కాయ కోసి నా చేతికిచ్చి, "అమ్మగారి చెట్టు కాసిందండీ" అన్నాడు. అప్పటికి నాకు ముప్ఫై కూడా లేవు. అంతకుముందు నన్ను ఎవరూ అమ్మగారూ అనలేదు.

ఆ రోజుల్లో ఫోనంటే బస్టాండు దగ్గర ఎస్‌టీడీ బూత్. ఉంగుటూరులో మా ఎదురింటి వాళ్ళకి ఫోను ఉండేది. వాళ్ళకి చేస్తే, "ఉండమ్మా, పిలుస్తా" అని రిసీవరు బల్ల మీద పెట్టేసి వెళ్ళేవారు. ఇక్కడ మీటరు మీద ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుండేవి. నాకు మాత్రం ఆ వినపడే చప్పుళ్ళంటే ఎంత ఇష్టమో చెప్పలేను. కోళ్ళు, ఎవరో బిందె దించడం, గాలికి మా చెట్టు ఆకులు, ఆ తర్వాత అమ్మ చెప్పులు టపటపలాడుతూ రోడ్డు దాటి రావడం. ఆయాసపడుతూ ఫోను తీసి, ముందుగా "తిన్నావా" అనేది. మాట్లాడింది తక్కువే. విన్నదే ఎక్కువ. బూత్ ఆయన, ఏమీ మాట్లాడకుండా పట్టుకు నిలబడతారేంటమ్మా అని విసుక్కునేవాడు. నా డబ్బులు, నా చెవి, నీకెందుకయ్యా అనేదాన్ని.

అమ్మ పోయింది. ఆ ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు చెట్టు కొట్టి స్లాబు వేశారు. ఇక ఆ ఇంటిదంటూ ఈ లోకంలో మిగిలింది మోటారు షెడ్డు పక్కన చెట్టు ఒక్కటే. దాన్ని కూడా నేనే నా నోటితో కాంట్రాక్టరుకి ఇచ్చేశాను. ఉంచుకుంటానని మేస్త్రికి చెబుదామంటే, ఒక్కటి కూడా వద్దని అరిచిన నోరు అడ్డమొచ్చింది. అందుకని బయల్దేరే ముందురోజు మిట్టమధ్యాహ్నం, తోటలో ఎవరూ లేనప్పుడు వెళ్ళి, గోడలకి వేయగా మిగిలిన సున్నం కలిపి ఆ చెట్టు మొదలుకి నడుమెత్తు దాకా పూశాను. మా తోటల్లో సున్నం పూశామంటే ఆ చెట్టుని కాపాడుకుంటున్నామని అర్థం. ఎవరైనా చూస్తారు, తెలుసుకుంటారు, నేను నోరు విప్పే పని ఉండదు అనుకున్నాను. అంత తెలివైనదాన్ని.

మలేషియాలో మూడో రోజు సాయంత్రం మమ్మల్ని నగరంలో ఎత్తయిన టవర్ల దగ్గర దింపారు. అందరూ పైకి చూస్తున్నారు. నాకెందుకో తోట మీదికి మనసుపోయింది. మేస్త్రికి వీడియో కాల్ చేశాను. అప్పుడతను షెడ్డు దగ్గరే ఉన్నాడు. ఆ చెట్టు ఒకసారి చూపించు అన్నాను. ఎందుకని అడగలేదు. ఫోను తిప్పి పట్టుకున్నాడు. కొమ్మలు, కోయగా చివర్న మిగిలిపోయిన రెండు కాయలు, గాలికి ఆకుల చప్పుడు. టవర్ల కింద నిలబడి ఆ చప్పుడే విన్నాను. చెబుదాం, ఇప్పుడు చెప్పేద్దాం అని నోరు తెరిచాను. అంతలో మా ఆడపడుచు, గ్రూపు ఫోటో అంట, నీ కోసమే ఆగారు వదినా అని చెయ్యి పట్టుకుని లాగింది.

"ఉండు మేస్త్రీ, ఒక్క నిమిషం" అని, ఫోను హ్యాండుబ్యాగులో పడేశాను.

ఫోటో అయింది. ఆ తర్వాత ఐస్‌క్రీమన్నారు, భోజనమన్నారు. ఫోను సంగతే మర్చిపోయాను. రెండు గంటల తర్వాత దారి చూడ్డానికి తీస్తే, డేటా మొత్తం అయిపోయిందని మెసేజీ. నా బ్యాగులోని చీకటి అక్కడికీ, అక్కడి చెట్టు ఇక్కడికీ, అంతసేపూ వస్తూ పోతూ ఉన్నాయన్నమాట. మేస్త్రి పెట్టెయ్యలేదు. పెట్టెయ్యడని నాకు తెలియదా! నన్ను నేను తిట్టుకుని, రేపు మాట్లాడదాంలే అనుకుని ఊరుకున్నాను.

తెల్లారి హోటల్ కింద టిఫిన్ చేస్తుండగా వైఫైలో మేస్త్రి వాయిస్ మెసేజి వచ్చింది. వానలు ముంచుకొస్తున్నాయని కాంట్రాక్టరు ఇవాళే పొక్లెయిన్ పంపిస్తున్నాడంటమ్మా, నాకేమో హనుమాన్ జంక్షన్ వెళ్ళే పనుంది, మా అమ్మాయి కాన్పయ్యాక మొదటిసారి బిడ్డనెత్తుకుని పదకొండింటి బస్సుకి వస్తోంది, తీసుకురావాలి అని. సరే మేస్త్రీ, జాగ్రత్తగా తీసుకురా అని తిరిగి మెసేజి పెట్టాను. సున్నం ఉంది గదా అని నా ధైర్యం. ఇంకా ఎనిమిది కాలేదు. మన ఊళ్ళో టైము ఆ దేశానికి రెండున్నర గంటలు వెనక.

బస్సు ఊరు దాటింది. రెండు పక్కలా పామాయిలే. గంట ప్రయాణం చేసినా అదే చెట్టు, అదే వరస. గైడు మైకులో ఎకరాకి ఎన్ని మొక్కలో చెబుతున్నాడు. నాకు కళ్ళు మూసుకుపోతున్నాయి. వెనక సీట్లో మైలవరం రైతు ఒకాయన, పెద్దమనిషి, అంతకుముందు ఏడే తన తోట తీయించినాయన, ఆ పని ఎలా జరిగిందో చెబుతున్నాడు. నేను వెనక్కి తిరిగి, మా తోట ఇవాళే తీస్తున్నారండీ, ఒక్క చెట్టు మాత్రం సున్నం పూసి ఉంచుకున్నాను అన్నాను.

ఆయన నా మొహం వంక చూశాడు. "సున్నమా? అయ్యో చెల్లెమ్మా, కట్టెల వాళ్ళు కొట్టాల్సిన చెట్టుకే గదమ్మా సున్నం పూసేది. తెల్లగా కనబడిందే ముందు లేపుతారు."

రైతు సున్నం వేరు, కట్టెల వాళ్ళ సున్నం వేరు అని అరవై ఏళ్ళొచ్చినా నాకు తెలియలేదు. నా చెట్టుకి నేనే గుర్తు పెట్టి వచ్చాను.

ఫోను తీశాను. డేటా లేదు. హాట్‌స్పాట్ ఇవ్వండని అడిగితే, మూడు రోజులు నా చలివేంద్రంలో తాగినవాళ్ళలో ఒక్కరికీ సిమ్ము లేదు. గైడుది కూడా నిన్నే అయిపోయిందట, వాళ్ళ ఆఫీసు వాళ్ళు వెయ్యాలట. బస్సు ఆపమన్నాను. హైవే మీద ఆపకూడదన్నాడు. ఆపకపోతే దూకుతానన్నాను. చెట్టే గదా వదినా అంది మా ఆడపడుచు. ఇంకోసారి ఆ మాటంటే నీకూ నాకూ చెడుతుందే అన్నాను, బస్సంతా వినేటట్టు. నోరు మూసుకుంది పాపం. తర్వాత నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపాగలేదు.

పన్నెండింటికి బస్సు ఆపే చోటు వచ్చింది. అందరికంటే ముందు దిగి షాపులోకి పరిగెత్తాను. బొట్టు పెట్టుకున్న ఒక పెద్దావిడ, తమిళం మాట్లాడే మనిషి, గల్లాలో ఉంది. "టాపప్" అన్నాను. నంబరు అడిగింది. నంబరు నాకేం తెలుసు? ఫోను ఆమె చేతికే ఇచ్చేశాను. ఆమె ఏదో నొక్కి నంబరు కనుక్కుంది. చిన్నదా పెద్దదా అని చేతులు చాపి చూపించింది. పెద్దదే అని నేనూ చేతులు చాపాను. మిషన్లోంచి చీటీ వచ్చింది. దాని మీద బోలెడు అంకెలు, నా కళ్ళద్దాలేమో బస్సులో. ఆవిడే ఒక్కొక్కటీ కొట్టిపెట్టింది. ఒకసారి తప్పొచ్చింది. మళ్ళీ కొట్టింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను, ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

మేస్త్రి రెండో రింగులో ఫోను ఎత్తాడు. తెర మీద ఒక మొద్దు కనపడింది. మట్టి రంగులో ఉంది. సున్నం లేదు.

"మేస్త్రీ, ఎక్కడున్నావ్? అది ఏ చెట్టు?"

"అమ్మగారి చెట్టేనమ్మా. దీని కిందే కూర్చున్నాను."

మరి సున్నమేదన్నాను. పొద్దున్నే పొక్లెయిన్ వాళ్ళు తెల్లదే ముందన్నారనీ, కాలవలో బురద తీసి సున్నం మీద మెత్తాననీ చెప్పాడు. ఉంచాలని నీకెవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదమ్మా, అంత వంకరగా సున్నం పూసేది ఈ తోటలో మీరొక్కరే గదా అన్నాడు. నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి నాకు. జంక్షన్‌కి వెళ్ళాల్సినవాడివి పొద్దున్నే తోటలోకి ఎందుకొచ్చావని అడిగాను.

"మీరు నిన్న ఉండు మేస్త్రీ, ఒక్క నిమిషం అన్నారు గదమ్మా. మళ్ళీ లైన్లోకి రాలేదు. చెట్టు చూపించమన్నారు కాబట్టి చెట్టు దగ్గరే ఉంటే మంచిదని వచ్చాను."

వెనకాల పెద్ద చప్పుడైంది. అతని భుజం మీదుగా చిన్నరసం చెట్టొకటి వేళ్ళతో సహా పక్కకి ఒరగడం చూశాను. మా మామగారు వేసింది. పొక్లెయిన్ నడిపే కుర్రాడికి ఫోను ఇమ్మన్నాను. ఆ చెట్టు జోలికి వెళ్ళొద్దని చెప్పాను. కాంట్రాక్టరు గారు మొత్తం అన్నారు మేడమ్, ఆయన బెజవాడలో పెళ్ళిలో ఉన్నారు, ఫోను తియ్యట్లేదు అన్నాడు. ఆయనతో నేను మాట్లాడేదాకా ఆగమన్నాను. "అట్నేనండి" అన్నాడు. ఆ అట్నేనండి నేను నలభై ఏళ్ళుగా వింటున్నాను. మన వీపు తిరిగేదాకానే దాని ఆయుష్షు.

ఫోను మళ్ళీ మేస్త్రి చేతికొచ్చింది. మనిషి చెట్టు కింద కూర్చుని ఉంటే మిషను తేలేరమ్మా అని మెల్లిగా అన్నాడు. అని, చేతి వాచీ చూసుకున్నాడు. అక్కడ తొమ్మిదిన్నర దాటింది. తోట నుంచి జంక్షన్ వెళ్ళాలంటే ఇక బయల్దేరాలి. "అమ్మా, మరి" అని మొదలుపెట్టాడు.

ఏం అడగబోతున్నాడో నాకు తెలుసు. వెళ్ళమంటారా అని అడిగితే నేను వద్దనలేను. కొత్తగా పుట్టిన మనవరాలిని చూసుకోవద్దని ఏ నోటితో అంటాను? అడగకముందే అన్నాను.

"ఉండు మేస్త్రీ, ఒక్క నిమిషం."

అని, డేటా మీట నొక్కి ఆపేశాను.

ఆ మధ్యాహ్నం వాళ్ళు మమ్మల్ని ఏ తోటలోకి తీసుకెళ్ళారో, ఏం చూపించారో నాకు గుర్తు లేదు. గుంపు ఫోటోల్లో నేనున్నాను, చేతిలో ఫోను పట్టుకుని. డేటా మళ్ళీ అయిపోయిందా వదినా అని మా ఆడపడుచు అడిగింది. ఆఁ అన్నాను. హోటల్‌కి చేరి వైఫై రాగానే వరసగా మూడు వాయిస్ మెసేజిలు పడ్డాయి. అమ్మా, లైను పోయింది అని మొదటిది. అమ్మా, పదకొండయింది అని రెండోది, దాంట్లో వాన చప్పుడు వినిపిస్తోంది. మూడోది సాయంత్రం పెట్టింది. "చెట్టు ఉందమ్మా. మిగతావన్నీ అయిపోయాయి. మిషను వెళ్ళిపోయింది. ఇక ఇంటికెళ్ళమంటారా?"

వెళ్ళు మేస్త్రీ అని, నోటితో చెప్పకుండా రాసి పంపించాను.

తిరిగొచ్చిన రోజు సామాను గుమ్మంలో పడేసి నేరుగా మేస్త్రి వాళ్ళింటికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. మంచం మీద ఉన్నాడు, జ్వరం, అప్పటికి నాలుగో రోజు. జంక్షన్లో కూతురు బిడ్డని కొంగు కింద దాచుకుని గంటసేపు ఎదురుచూసి, ఆటో మాట్లాడుకుని వచ్చిందట. ఆ పిల్ల నాకు మంచినీళ్ళిచ్చింది. నా వంక సూటిగా చూసింది. బిడ్డని నా ఒళ్ళో పెట్టింది.

మేస్త్రి లేచి కూర్చోబోతే వద్దన్నాను. ఒళ్ళో బిడ్డకి చుట్టిన గుడ్డ సర్దుతూ కూర్చున్నాను. చివరికి అతనే, నన్ను ఇబ్బందిలోంచి తప్పించడానికి అన్నట్టు, నవ్వుతూ అన్నాడు.

"ఆ రోజు మీకు మళ్ళీ డేటా అయిపోయుంటుంది, కదమ్మా?"

"అవును మేస్త్రీ, అయిపోయింది" అన్నాను.

ఆ చెట్టు ఇప్పుడు పామాయిల్ మొక్కల మధ్య ఒక్కటే ఉంది, నిరుడు నూట పది కాయలు కాసింది. మొదటి బుట్ట వాళ్ళింటికే పంపిస్తాను. మొన్న కూడా దాని గురించే ఫోను చేశాడు. మాటలు అయ్యాక, ఈసారి నువ్వు పెట్టెయ్ మేస్త్రీ అన్నాను. సరేనమ్మా అన్నాడు గానీ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. చాలాసేపు ఆ ఆకుల చప్పుడు వింటూ, ఆ షాపు పెద్దావిడ వేసిపెట్టిన డేటాలో సగానికి సగం వాడకుండానే ఇంటికొచ్చానన్న సంగతి ఇప్పుడైనా చెబుదామా అనుకున్నాను. చెప్పలేదు.